తెలుగువాళ్ల మీద పరిశోధనే లేదట!

"తెలుగు సంస్కృతి, మీడియా, రాజకీయాల మీద గట్టి పరిశోధన లేదు. ఉన్న కాస్తా విదేశీయులు రాసిందే. తెలుగులో రాసింది పరిశోధన కింద లెక్కకు రాదు." ఈ మూడు ముక్కల మాటను ఎవరో ఒకరు తిప్పుతూనే ఉంటారు, చదువుకున్నవాళ్లు కూడా లైకులు కొడుతుంటారు.

మొదటి ముక్క తేల్చడం సులువే. అభిమాన సంఘాలు, సినిమా, రాజకీయం ఎలా పెనవేసుకున్నాయో సినిమా పరిశోధకుడు ఎస్.వి. శ్రీనివాస్ రెండు పుస్తకాల్లో రాశారు. 2009లో చిరంజీవి మీద, 2013లో తెలుగు సినిమా సామాజిక చరిత్ర మీద. భారతీయ భాషా పత్రికల మీద 2000లో రాబిన్ జెఫ్రీ తెచ్చిన పుస్తకంలో ఈనాడు జిల్లా ఎడిషన్ల కథ ఉంది.

రెండో ముక్కకొస్తే, జెఫ్రీ విదేశీయుడే, కాదనను. మరి హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్? కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన మనిషి. 1980ల నుంచి ఈపీడబ్ల్యూ (ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ) అనే ఇంగ్లిషు వారపత్రికలో మన రైతులు, కులాలు, పోలీసుల గురించి వరసగా రాశారు. ఇంగ్లిషులో కనబడితే చాలు, పరాయివాడి ఖాతాలో వేసేస్తామా?

ఇక మూడో ముక్క. నాకు మండింది దీనికే. నైజాంలో తెలుగు కవులే లేరని అప్పట్లో ఒకాయన అన్నారు. గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి గొంతు చించుకోలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. ఇది ఆధారాలు పోగేయడం కాకపోతే మరేమిటి? తర్వాత 1949లో ఆయనదే ఆంధ్రుల సాంఘిక చరిత్ర వచ్చింది. అందులో రాజుల వరస కోసం వెతక్కండి. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్నదే ముఖ్యం. చాలావరకు కావ్యాల్లోంచే ఏరి పెట్టారు. సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన మొదటి అవార్డు, 1955లో, దీనికే.

అయితే ఆ మాటలో ఒక బాధ నిజం. ఉన్నది చేతికి అందదు. ఇంగ్లిషు పుస్తకాల ధర చూస్తేనే టెన్షన్. థీసిస్‌లు శోధ్‌గంగలో, అంటే యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్‌లో, ఉచితంగా దొరుకుతాయి గానీ, తెలుగువి చాలావరకు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టినవో, స్కాన్ చేసినవో. అను పీడీఎఫ్‌లోంచి ఒక లైను కాపీ చేసి చూడండి, పిచ్చి గుర్తులు పడతాయి. అలాంటి ఫైలు తెలుగులో ఎంత వెతికినా పైకి రాదు.