అరటిపండుకి టేపు, అల్లుడికి లెక్క

లోకంలో పిచ్చి ముదిరిపోయిందని మా రావులపాలెం టీకొట్టులో రోజూ పొద్దున్నే ఏకగ్రీవంగా తీర్మానం చేస్తామండి. పేపరు పైకి చదివేది ఒకరు, మిగతావాళ్ళు నిట్టూర్చాలి, అదీ డ్యూటీ. 2024 నవంబరులో ఓ రోజు మాత్రం ఉత్త నిట్టూర్పు సరిపోలేదు. న్యూయార్క్‌లో గోడకి టేపేసి అంటించిన అరటిపండుని వేలంలో 62 లక్షల డాలర్లకి, అంటే మన లెక్కలో 52 కోట్లకి, ఒక క్రిప్టో వ్యాపారి పాడుకున్నాడంట, పాడుకున్నోడు ఊరుకున్నాడా, పది రోజులు తిరక్కుండానే హాంకాంగ్‌లో విలేకరుల్ని పిలిచి వాళ్ళ ముందే తొక్క తీసుకుని తినేశాడు.

టీకొట్టులో నిశ్శబ్దం. మా పక్క బెంచీ మీద ఒకాయన ఉంటారు, గెలల వ్యాపారం, మార్కెట్లో కర్పూరం గెల వైపు ఓ చూపు చూసి ఎన్ని అత్తాలో, ఎన్ని రోజుల్లో పండుద్దో చెప్పేస్తారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏం రకమండీ అది, చక్కెరకేళా?" నాకు తెలీదన్నాను. ఆ పండుని అక్కడ వీధిలో బండి మీద 35 సెంట్లకి కొన్నారంట అని కూడా చదివాను. అంటే ఎంతని లెక్కేసుకుని, ఆయన గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డారు. "ఒక్క పండు ముప్పై రూపాయలా! ఇదేం దోపిడీ అండి బాబూ!"

52 కోట్లకి మాత్రం ఎవరూ లేవలేదు. అది మనకి సంబంధం లేని అంకె.

ఈ బొమ్మ (బొమ్మ అనే అనాలంట) కట్టెలాన్ అనే ఇటలీ ఆయన 2019లో మయామీలో మొదటిసారి పెట్టాడు, అప్పుడే ఒకాయన తినేశాడు. 2023లో సియోల్ మ్యూజియంలో ఒక స్టూడెంటు పొద్దున టిఫిన్ చెయ్యలేదని పీక్కుని తినేసి తొక్కని మళ్ళీ అదే టేపుతో గోడకి అంటించి వచ్చాడు. మొత్తం కథలో నాకు మనిషిలా కనిపించింది ఆ కుర్రాడొక్కడే. ఆకలేసింది తిన్నాడు, తొక్క ఎక్కడది అక్కడ పెట్టాడు, ఎవరో మర్యాదగా పెంచారు.

సరే, వాళ్ళని నవ్వుకుంటూ ఇంటికొచ్చే దారిలో నాకో అనుమానం మొదలైంది. కాలవ నీళ్ళు అందని చోట ఎవడైనా తిక్కపని చేస్తే అది వింత వార్త, మన కాలవలు పారే మేరలో చేస్తే మాత్రం పద్ధతి, సాంప్రదాయం, మర్యాద, ఇంకా మాట్లాడితే శాస్త్రం. ఈ హద్దు ఎవరు గీశారో నాకు తెలీదు, కాటన్ దొర కాలవలు తవ్వించినప్పుడే పనిలో పనిగా గీయించేసి ఉంటాడు.

ఉదాహరణకి కోడి. 1474లో స్విట్జర్లాండ్ బాసెల్ ఊళ్ళో ఒక పుంజు గుడ్డు పెట్టిందని కేసు పెట్టి, విచారణ జరిపి, శిక్ష వేసి, కట్టెల మీద కాల్చేశారండి. ఆ గుడ్డులోంచి భూతంలాంటిదేదో పుడుతుందని భయమంట. వింటే నవ్వొస్తుంది కదా, పుంజుకి కోర్టేంటి అని. మరి భీమవరం వైపు వెళ్ళి చూడండి. పుంజుకి కుక్కుట శాస్త్రం చూడందే గడప దాటనివ్వరు. డేగా, కాకా, నెమలా, పింగళా, ఏ రోజు ఏ రంగు మీద ఏ రంగుని వదలాలి, ఏ దిక్కు నించి దింపాలి, తిథి ఏంటి నక్షత్రం ఏంటి, ఇంట్లో ఆడపిల్ల పెళ్ళికి కూడా అంత జాగర్తగా ముహూర్తం చూడని మనిషి కోడి కోసం పంచాంగం నలిపేస్తాడు. బాదంపప్పు, జీడిపప్పు, మటన్ ఖైమా, ఉడకబెట్టిన గుడ్డు పెడతారు. (కోడికి కోడిగుడ్డు పెట్టడం గురించి శాస్త్రం ఏమంటుందో ఎవరూ చెప్పరు.) పొద్దున్నే చెరువులో ఈత కొట్టిస్తారు, సాయంత్రం ఒళ్ళు పడతారు. పెంచేవాడికి షుగరుంది, వాడు వాకింగుకి వెళ్ళడు.

ఇంకో పక్కన చట్టం ఉంది. 1960 నాటి జంతుహింస చట్టం, 1974 నాటి ఏపీ గేమింగ్ చట్టం రెండూ కాగితం మీద చక్కగానే ఉన్నాయి. డిసెంబరు నించీ హెచ్చరికలు, మైకులు, ఫ్లెక్సీలు, కత్తులు కట్టేవాళ్ళకి బైండోవర్లు. భోగి రోజు తెల్లారేసరికి మాత్రం చట్టం కూడా పండక్కి పుట్టింటికి వెళ్ళిపోద్ది, ముక్కనుమ అయ్యాక సున్నుండల డబ్బాతో తిరిగొస్తుంది. బాసెల్ వాళ్ళు కోడిని ముద్దాయిని చేశారు, మనం కోడిగార్ని వీఐపీని చేశాం, రెండు ఊళ్ళలోనూ చివరికి పోయింది కోడే.

పులస గురించి ఎక్కువ చెప్పను, నాకు గిట్టనివాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు. సముద్రంలో ఉన్నంతసేపు అది ఇలస, వరద నీటికి ఎదురీది గోదాట్లోకొస్తే పులస. యానాంలో ఒక్క చేప వేలంలో ఇరవై వేలు దాటి పలికిన సందర్భాలున్నాయి. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు పెద్దలు, ఎవరి పుస్తెలో చూడండి, తినే ఆయన వాచీ అమ్మమని ఒక్క సామెతా లేదు. తిన్నాక ఫోన్ చేసి "ఎలా ఉందిరా" అని అడిగినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు, "ఎంత పడిందిరా" అనే అడుగుతారు. మరి ఆ హాంకాంగ్ ఆయన పండు తింటే ఆయనకి పిచ్చా?

ఇక అసలు సంగతి, అల్లుడు.

2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించారు, దేశం మొత్తం పేపర్లలో వచ్చింది. అంతకుముందు ఏడాది ఆషాఢంలో రాజమండ్రి నించి యానాం వియ్యంకుడికి టన్ను చేపలు, టన్ను కూరగాయలు, 50 కోళ్ళు, 10 మేకలతో సారె వెళ్ళిందని కూడా చదివే ఉంటారు. ఇవన్నీ చదివి మనం ఆహా మర్యాద అనుకుంటాం గానీ ఆ మర్నాడు నించి ఆడపిల్ల తండ్రులకి నిద్ర ఉండదండి. మా బాబాయికి లేదు. చెల్లెలి పెళ్ళయిన మొదటి సంక్రాంతి, "ఆళ్ళు మూడొందలరవై ఐదు పెట్టారు, మనం వందైనా దాటకపోతే ఊళ్ళో తలెత్తుకోగలమా" అని నెల ముందే పిన్ని చేతికి రూళ్ళ నోట్‌బుక్కు ఇచ్చాడు.

నేను లెక్కల కమిటీలో ఉన్నాను, దాచుకోవడం దేనికి. 80 దాకా నిజాయితీగానే వెళ్ళాం, ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా, పాకం గారెలు, పనసపొట్టు కూర, రొయ్యల వేపుడు, జున్ను. అక్కడ బండి ఆగింది. అప్పుడు నేనే ఒక సూచన చేశాను, బెల్లం పూతరేకు ఒకటి, పంచదార పూతరేకు ఒకటి, డ్రైఫ్రూట్ పూతరేకు ఒకటీ కదా అని. అంతే, గేట్లెత్తేసినట్టయింది. పెరుగు ఒకటి, మజ్జిగ ఒకటి, పెరుగులో పంచదార వేస్తే ఇంకోటి. అప్పడం వేయిస్తే ఒకటి, కాలిస్తే ఒకటి. అరటిపండు మీద మాత్రం గొడవైంది, కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి మూడూ మూడు రకాలా లేక మూడూ కలిపి పండేనా అని, చివరికి టీకొట్టు గెలలాయనకి ఫోన్ చేస్తే మూడూ మూడేనని తీర్పిచ్చారు. 141 దగ్గర పిన్ని గీత గీసింది.

పండగ రోజు మధ్యాహ్నం బావగారిని హాల్లో కూచోబెట్టాం. ముందు అరిటాకు, చుట్టూ స్టీలు గిన్నెలు, పేపరు కప్పులు, అవి చాలక కొన్ని దీపావళి ప్రమిదలు. మనిషిని మధ్యలో కూచోబెట్టాక ఆ గిన్నెలు సర్దడంతో ఆయన లేవడానికి దారి లేదు. పక్కింటబ్బాయి డ్రోన్ తెచ్చాడు, హాల్లో ఎగరేసేసరికి పూతరేకులు లేచిపోయాయి, దాన్ని ఆపేసి కుర్చీ మీద స్టూలేసుకుని తీశాడు. నలభై నిమిషాలు ఫోటోలు. బావగారు నవ్వుతూనే ఉన్నారు గానీ, గారె మీద చెయ్యి వేసినప్పుడల్లా "ఒక్క నిమిషం బావగారూ, కదల్చకండి, లైటింగ్" అని వెనక్కి పెట్టించారు. చివరికి చల్లారిపోయిన ఓ గారె, రెండు ముద్దలు పులిహోర తిని, కడుపు నిండిపోయిందండి అన్నారు. మిగిలింది సందు చివరి దాకా పంచారు, రాత్రి ఎనిమిదింటికి కూడా పంచుతూనే ఉన్నారు.

పదింటికి నేను మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్తే బావగారు చీకట్లో గట్టు దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూసి కంగారుపడి, గొంతు తగ్గించి, "బావగారూ, కొంచెం మజ్జిగన్నం ఉంటే..." అన్నారు. గిన్నె అడుగున ఇంత అన్నం ఉంది. కలిపి ఇచ్చాను. ఈలోగా పిన్ని లేచొచ్చి, అయ్యో అల్లుడుగారూ అని నొచ్చుకుని, అటక కింద జాడీలోంచి మాగాయ టెంక ఒకటి తీసి అన్నం మీద పెట్టింది. మనిషి గట్టుకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, ఆ టెంక చీకుతూ తింటుంటే పొద్దున్నించీ ఆయన మొహంలో చూడని వెలుగు చూశానండి.

పిన్నికి కూడా తృప్తిగానే ఉన్నట్టుంది, రెండు నిమిషాలు అలాగే చూస్తూ నిలబడింది. ఇంతలో ఉన్నట్టుండి గుండెల మీద చెయ్యేసుకుంది.

"అయ్యో అయ్యో, మాగాయ రాయలేదురా లిస్టులో!"

మర్నాడు బాబాయి ఎవరు ఫోన్ చేసినా 142 అనే చెప్పాడు.