చిలగడదుంపలు ఉడకబెట్టకండి ప్లీజ్

అమెరికా సౌత్‌లో, అంటే దక్షిణ రాష్ట్రాల్లో, క్రిస్మస్ వంటల గురించి మీ వ్యాసంలో బాగా రాశారు కానీ స్వీట్ పొటాటో పై (చిలగడదుంప గుజ్జు నింపి కాల్చే తీపి వంటకం) కోసం దుంపలు ఉడకబెట్టమన్నారు చూడండి, అక్కడే తేడా కొట్టింది. మేం జార్జియాలో పదకొండేళ్లుగా ఉంటున్నాం, మొదటి ఏడాది నేనూ అలవాటు కొద్దీ కుక్కర్లో పడేశా, దుంప నీళ్లు తాగేసింది, పై కాస్తా కోస్తే మధ్యలో జావలా జారిపోయింది, పిల్లలు గిన్నెల్లో వేసుకుని స్పూన్లతో తిన్నారు పాపం. పక్కింటి పెద్దావిడ చూసి నవ్వేసి, తొక్కతోనే 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఓ గంట ఓవెన్‌లో ఉంచమంది. తొక్క ముడతలు పడి పక్కల నుంచి నల్లగా పాకం కారుతుంది, అప్పుడు చేత్తో లాగితే తొక్క వచ్చేస్తుంది, పంచదార కూడా తక్కువ పడుతుంది. జాజికాయ మాత్రం పొడి డబ్బా వద్దు, అప్పటికప్పుడు గీరి వేయండి.

అన్నట్టు లేన్ కేక్ ఊసే లేదేంటండీ? అలబామా వాళ్లది, ఎమ్మా రైలాండర్ లేన్ 1898లో తన వంటల పుస్తకంలో వేసింది, 2016లో ఆ రాష్ట్రం అధికారిక డెజర్ట్ కూడా అయింది. పొరల మధ్య గుడ్డు పచ్చసొన, వెన్న, ఎండుద్రాక్ష, బర్బన్ విస్కీ. మందు వద్దనుకుంటే ద్రాక్షరసం పోసేవాళ్లూ ఉన్నారు, నేను పోయను 😄

జనవరి 1న ఇక్కడ అదృష్టం కలిసొస్తుందని బొబ్బర్లు, కాలర్డ్ ఆకుకూర తింటారు కదా, నేను ఓ గ్లాసుడు ఎక్కువ నానబోసి సాయంత్రం వడలు వేస్తా, ఆ పెద్దావిడకి ఓ ప్లేటు పంపాల్సిందే.