పిడుదులు ఆవు ఒంటి మీదే ఉండవు

సంకరజాతి ఆవుల్లో థైలీరియోసిస్ (పిడుదులు మోసే పరాన్నజీవి వల్ల వచ్చే జ్వరం జబ్బు) ఎక్కువని, వేసవిలో, వానాకాలంలో పిడుదులు పెరగడమే అందుకు కారణమని మీరు వేసిన వ్యాసంలో రాశారు. నిజమే. పాక గోడల సంగతి మాత్రం ఒక్క ముక్కైనా లేదు. ఈ జబ్బును మోసే హయలోమా పిడుదు కడుపునిండా రక్తం తాగాక రాలిపోయి, గోడ బీటల్లో, రాళ్ల సందుల్లో దూరి గుడ్లు పెడుతుంది. ఆవుకు ఎంత మందు పూసినా ఆ బీటలు పూడ్చకపోతే శ్రమంతా వృథా. మా జెర్సీ ఆవు పోయాకగానీ నాకిది తెలియలేదు. జ్వరం 106 డిగ్రీలు, భుజం ముందు గ్రంథి నిమ్మకాయంత వాచింది. ఎండదెబ్బ అనుకొని మూడు రోజులు పోగొట్టుకున్నాం. ఈ జబ్బుకు వేసే బుపార్వాక్వోన్ సూది తొలి దశలో పడితేనే బాగా పనిచేస్తుందట. పక్కనే కట్టిన నాటు జాతి ఒంగోలు ఆవుకు ఏమీ కాలేదు, దాని ఒంటి మీదా పిడుదులున్నాయి!

ఇంకొకటి. గాజుపలక మీద రక్తం పూసి చూసే పరీక్షలో ఏమీ కనబడలేదంటే జబ్బు లేనట్టు కాదు. కోలుకున్న పశువులో పరాన్నజీవి కొద్దిగా మిగిలే ఉంటుంది, పరాన్నజీవి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష దాన్ని పట్టుకోగలదు. నూటికి ఎన్ని పశువుల్లో జబ్బు ఉందో లెక్కలు ఇచ్చేటప్పుడు ఏ పరీక్షతో తేల్చారో కూడా రాయండి. సంతలో పాడి ఆవును కొనేవాళ్లకు అది కావాలి.