మహారాజశ్రీ రషింగ్ యార్డుల కాలమ్ గారి దివ్య సముఖమునకు

అయ్యా,

నమస్కారములు. తమరు అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ బాక్స్ స్కోరులో (మ్యాచ్ అంకెల పట్టికలో), బంతితో పరుగెత్తి తెచ్చిన యార్డులు లెక్కపెట్టే గడిగా, యథాస్థానంలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేము అంత క్షేమంగా లేము. కారణం తమరే.

మొన్న శనివారం మధ్యాహ్నమంతా టీవీకి అతుక్కుపోయినవాళ్లకి చివర్లో దక్కిన ప్రసాదం ఏమిటంటే, తెర అడుగున తమరి అంకె ఒకటి, దాన్ని పట్టుకుని కామెంటేటర్ గారు ఇచ్చిన తీర్పు ఒకటి. బంతి అందుకుని దాడి నడిపే క్వార్టర్‌బ్యాక్ కాళ్లు ఇవాళ పనిచేయలేదట. పది యార్డులకి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది, అదే మూడో డౌన్, వచ్చినప్పుడల్లా ఆ కాళ్లే డ్రైవ్‌ని (జట్టు దాడిని) బతికించాయి. స్టేడియంలో అందరూ చూశారు, తమరు తప్ప. ఏ జట్టు, ఏ మ్యాచ్ అని అడక్కండి. ప్రతి శనివారం ఎక్కడో ఒకచోట ఇదే తంతు.

తమరి లెక్క ఎలా నడుస్తుందో తమరికే ఒకసారి గుర్తుచేస్తాను. ఒక కుర్రాడు 8 సార్లు బంతి పట్టుకుని పరుగెత్తి 71 యార్డులు తెచ్చాడనుకోండి. సగటు దాదాపు 9. పరుగే పనిగా ఉన్న రన్నింగ్ బ్యాక్‌లు కూడా కళ్లకద్దుకునే సగటు. అదే మ్యాచ్‌లో పాస్ వేద్దామని వెనక్కి అడుగులేసి 5 సార్లు సాక్ అయ్యాడు, అంటే పాస్ వదలకముందే వెనకే పడగొట్టేశారు, 38 యార్డులు పోయాయి. తమరు ఆ అయిదింటినీ తీసుకెళ్లి పరుగుల్లో కలుపుతారు. 13 క్యారీలు (బంతితో పరుగులు), 33 యార్డులు, సగటు 2.5. కామెంటేటర్ చదివేది ఇదే. ముందు అడ్డుగోడ కట్టే లైన్‌లో రైట్ టాకిల్ పక్కకి అడుగేయడంలో అరక్షణం ఆలస్యం చేసినా, ఆ లైన్ మధ్యలోని సెంటర్ బ్లిట్జ్ (అదనపు మనుషుల దాడి) ఎటునుంచి వస్తుందో తప్పు చెప్పినా, పాస్ అందుకునే రిసీవర్లలో ఒక్కడూ ఖాళీ దొరక్కపోయినా బిల్లు మాత్రం కుర్రాడి పరుగుల ఖాతాకే. ఉరుము ఉరిమి మంగళం మీద పడటం అంటే ఇదే కదండీ.

పోనీ ఆటే అంత అనుకుందామంటే, ఆదివారం ఆడే ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ వాళ్లు ఆ నష్టాన్ని జట్టు పాసింగ్ యార్డుల్లోంచి తీస్తారు. క్వార్టర్‌బ్యాక్ పరుగుల జోలికి పోరు. అదే కుర్రాడు, అదే సాక్. శనివారం అయితే పరుగు, ఆదివారం అయితే పాస్! ఇంకా చోద్యం ఏమిటంటే, మ్యాచ్ చేతికొచ్చాక గడియారం కరిగించడానికి చివర్లో మోకాలు ఆనిస్తే, ఆ ఒకటి రెండు యార్డుల నష్టాన్ని తమరు 'టీమ్' అనే అనామకుడి పేరిట రాస్తారు. అంటే దయ లేక కాదు. ఎక్కడ చూపించాలో తెలియక.

1996 జనవరి 2న ఫియెస్టా బౌల్ గుర్తుందా? నెబ్రాస్కా 62, ఫ్లోరిడా 24. నెబ్రాస్కా క్వార్టర్‌బ్యాక్ టామీ ఫ్రేజియర్ మీద పడ్డవాళ్లందరినీ విదిలించుకుంటూ 75 యార్డులు పరుగెత్తిన మ్యాచ్. ఫ్లోరిడా జట్టు మొత్తానికి తమరు వేసిన రషింగ్ లెక్క మైనస్ 28. మైనస్ 28 యార్డులు 'పరుగెత్తారు'. ఎటు పరుగెత్తారు సార్, పార్కింగ్ లాట్ వైపా? పాపం ఫ్లోరిడా క్వార్టర్‌బ్యాక్ డానీ వర్ఫెల్ ఆ రాత్రి ఏడుసార్లు సాక్ అయ్యాడు. అది పాస్ ప్రొటెక్షన్ కూలిపోయిన కథ. తమరి పుస్తకంలో మాత్రం అది పరుగు రాని జట్టు కథ.

దీని తమ్ముడు ఇంకొకడు ఉన్నాడు. రషింగ్‌లో పైచేయి ఎవరిదో మ్యాచ్ వాళ్లదేనని స్టూడియోలో టై కట్టుకుని చెప్పే సూక్తి. వెనకబడ్డ జట్టు పాస్‌లే వేయాలి. అది పాస్ వేస్తుందని డిఫెన్స్‌కి ముందే తెలుసు కాబట్టి సాక్‌లు పడతాయి. పడ్డ సాక్‌లన్నీ తమరి గడిలో పరుగుల్ని తినేస్తాయి. ముందున్న జట్టేమో గడియారం కోసం పరుగే ఆడుతుంది. ఓడిపోతున్నందువల్ల రషింగ్ తగ్గింది మహాప్రభో, రషింగ్ తగ్గినందువల్ల ఓడిపోలేదు.

అసలు క్వార్టర్‌బ్యాక్ కాళ్లు చేసే పనిలో పెద్ద భాగం తమరి కంటికి ఆననే ఆనదు. జోన్ రీడ్ అనే ఎత్తు తీసుకోండి. మామూలు పరుగులో క్వార్టర్‌బ్యాక్ బంతి అందించి ప్రేక్షకుడైపోతాడు. బంతి ఒకడి చేతిలో, అడ్డుకోవడానికి తొమ్మిదిమంది, ఎదురుగా పదకొండుమంది. జోన్ రీడ్‌లో లైన్ అంతా ఒకవైపుకి అడుగేసి, వెనకవైపు డిఫెన్సివ్ ఎండ్‌ని (ఎదుటి జట్టు ముందువరసలో చివరివాణ్ణి) కావాలనే వదిలేస్తుంది. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్టలో పెట్టి, చూపు మాత్రం ఆ ఎండ్ భుజాల మీదే ఉంచుతాడు. భుజాలు బ్యాక్ వైపు తిరిగి లోపలికి దూసుకొస్తే బంతి వెనక్కి లాక్కుని అతను ఖాళీ చేసిన చోటుకి పరుగు. భుజాలు ఎదురుగా అలాగే నిలిస్తే బంతి బ్యాక్‌కే. ఇప్పుడు చూడండి. ఎండ్ కదలకుండా నిలబడ్డాడు, బ్యాక్ అవతలి వైపు నుంచి ఆరు యార్డులు తెచ్చాడు. ఎండ్‌ని ఎవడూ తాకలేదు. అతన్ని అక్కడ మేకు కొట్టినట్టు నిలబెట్టింది క్వార్టర్‌బ్యాక్ పరుగెడతాడేమోనన్న భయం. తమరి పద్దు: బ్యాక్‌కి 6, క్వార్టర్‌బ్యాక్‌కి సున్నా. అసలు పేరే ఉండదు.

దీనికీ విరుగుడు ఉంది. ఎండ్ లోపలికి దూకి క్వార్టర్‌బ్యాక్ బంతి వెనక్కి లాక్కునేలా చేస్తాడు, ఎండ్ వెనకనుంచి రెండో వరస కాపలాదారు లైన్‌బ్యాకర్ బయటికి జారి వచ్చి క్వార్టర్‌బ్యాక్‌ని పట్టుకుంటాడు. స్క్రేప్ ఎక్స్‌ఛేంజ్ అంటారు. దాడి జట్టులోని టైట్ ఎండ్ ఒకణ్ణి ఆ డిఫెన్సివ్ ఎండ్ పక్కనుంచి దాటించి ఆ లైన్‌బ్యాకర్ మీదికి పంపకపోతే ఆ ఆట అక్కడే ఖతం. చూసేవాళ్లకి మాత్రం క్వార్టర్‌బ్యాక్ తెలివితక్కువగా గోడకి గుద్దుకున్నట్టు కనిపిస్తుంది.

మూడో డౌన్, ఏడు యార్డులు కావాలి. డిఫెన్స్ మ్యాన్ కవరేజ్ (ఒక్కో రిసీవర్‌కి ఒక్కో కాపలా) వేస్తే కార్నర్లనే కాపలాదారులందరూ రిసీవర్ల వెంట వీపు తిప్పి పోతారు, మధ్యలో ఖాళీ. కాళ్లున్న కుర్రాడు అక్కడినుంచి పది యార్డులు లాగేస్తాడు. అందుకని డిఫెన్స్ నడిపే కోచ్, అంటే కోఆర్డినేటర్, ఒక లైన్‌బ్యాకర్‌ని అతని మీద కాపలా పెడతాడు. ఆ స్పై (కాపలా మనిషి) లెక్కన పాస్ కవరేజ్‌లో ఒకడు తగ్గాడు, లేదా క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే రష్‌లో ఒకడు తగ్గాడు. ఎండ్‌లకేమో క్వార్టర్‌బ్యాక్‌ని దాటి లోతుకి పోవద్దని ఆజ్ఞ. దూకుడు తగ్గింది, పాకెట్‌లో (లైన్ చుట్టూ కట్టిన కాపుదలలో) అరక్షణం అదనంగా దొరికింది, స్లాంట్ అనే పొట్టి పాస్ పడింది. కుర్రాడు ఒక్క అడుగు పరుగెత్తలేదు. మళ్లీ నాలుగు ప్రయత్నాలిచ్చే ఈ ఫస్ట్ డౌన్ అతని కాళ్లదే. తమరి దగ్గర దాని ఆనవాలు కూడా లేదు.

ఆదివారం కంటే శనివారమే కాళ్లకి ఎందుకు గిరాకీ అన్నదీ తమరు చెప్పరు. మైదానం వెడల్పు రెండుచోట్లా 160 అడుగులే. కానీ బంతిని ఎక్కడ పెట్టాలో హద్దు గీసే హాష్ మార్కుల మధ్య కాలేజీలో 40 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. బంతి హాష్ మీద పెడితే కాలేజీలో ఒకవైపు 60 అడుగులు, రెండోవైపు 100 అడుగుల బయలు. ఆ వంద అడుగుల వైపు క్వార్టర్‌బ్యాక్ బంతితో సాగితే చివరి కాపలా అయిన సేఫ్టీ ఎంతని కాస్తాడు? పైగా కాలేజీలో లైన్‌మన్ మూడు యార్డులు ముందుకెళ్లినా పాస్ చెల్లుతుంది, ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క యార్డే. పరుగు అనిపించి పాస్ వేయడానికి ఇంతకంటే సదుపాయం ఏం కావాలి.

అలాగని కాళ్లే సర్వస్వం అని స్టాండ్స్‌లో గొంతు చించుకునేవాళ్ల పక్షం కూడా నేను కాదు. 2020లో అలబామా 13–0తో ఛాంపియన్ అయినప్పుడు క్వార్టర్‌బ్యాక్ మ్యాక్ జోన్స్ ఏడాది మొత్తం మీద తమరు రాసింది 14 యార్డులు. పద్నాలుగే. పాస్‌లు మాత్రం నూటికి 77.4 చేతికందాయి. ముందు దేశంలోకెల్లా మేటి లైన్, అవతల ఆ ఏడాది మేటి కాలేజీ ఆటగాడి బహుమతి హైస్‌మన్ గెలిచిన రిసీవర్ డివాంటా స్మిత్. అలాంటి ఇంట్లో క్వార్టర్‌బ్యాక్‌కి పాకెట్‌లో అరడుగు ముందుకి, అడుగు పక్కకి జరగడం వస్తే చాలు. అదీ కదలికే. ఎండ్ వెనకనుంచి చుట్టి వస్తుంటే ఒక్క అడుగు ముందుకేసి పాస్ వదలడమే ఈ ఆటలో అన్నిటికంటే ఖరీదైన పరుగు. దానికి మాత్రం తమరి దగ్గర గడి లేదు.

ఇటు 2016లో లూయివిల్ క్వార్టర్‌బ్యాక్ లామార్ జాక్సన్ 1,571 యార్డులు పరుగెత్తి, 21 టచ్‌డౌన్లు కాళ్లతో వేసి హైస్‌మన్ పట్టుకుపోయాడు. ఆ 1,571 కూడా తమరు సాక్‌లు కోసుకోగా మిగిలిందే. జట్టు మాత్రం 9 గెలిచి 4 ఓడింది. 2023లో ఎల్ఎస్‌యూ కుర్రాడు జేడెన్ డేనియల్స్ ఫ్లోరిడా మీద ఒకే మ్యాచ్‌లో 372 యార్డులు విసిరి, 234 పరుగెత్తాడు. హైస్‌మన్ అతనిదే, జట్టు 10–3. అవతలివాళ్లని ఆపలేని డిఫెన్స్‌ని ఏ కాళ్లు మోస్తాయి? మంచి లైన్ ఉన్నచోట కాళ్లు అదనపు సొగసు. లైన్ చిల్లులు పడ్డచోట కాళ్లే లైన్. కాలేజీల్లో చిల్లుల లైన్లే ఎక్కువ కాబట్టి కాళ్ల విలువా ఎక్కువ. ఇంతే సంగతి.

ఖర్చు కూడా ఉంది. కాళ్ల మీద నమ్మకం ఎక్కువైన కుర్రాడు పాకెట్ బాగున్నా బయటికి పారిపోతాడు, లేదా వెనక్కి వెనక్కి జారుతాడు. టాకిల్ ఏడెనిమిది యార్డుల లోతులో క్వార్టర్‌బ్యాక్ ఉంటాడనుకుని ఎండ్‌ని చుట్టూ తోసుకుపోతాడు. ఈయన పదో యార్డు దగ్గర నిలబడితే టాకిల్ ఎండ్‌ని నేరుగా ఈయన ఒళ్లోకే తోసినట్టు. ఆ సాక్ నిజంగా కుర్రాడిదే. అయినా అదీ, గార్డ్ చేతులెత్తేసిన సాకూ తమరి దగ్గర ఒకే రాశి. ఇక దెబ్బల సంగతి: 2023 నవంబరులో ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ పరుగెత్తుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. జట్టు 13–0 అయినా ప్లేఆఫ్ కమిటీ మొహం చాటేసింది.

ప్యాడ్లు లేకుండా, బంతి లేకుండా, ఎదురుగా ఎవడూ లేకుండా సరళరేఖలో తీసిన 40 యార్డుల టైమ్ చూసి పదో తరగతి పిల్లాడికి 'డ్యూయల్ థ్రెట్' (పాస్‌తోనూ పరుగుతోనూ ప్రమాదకారి) అని బిళ్ల తగిలించేవాళ్ల గురించి ఏం చెప్పాలి? క్వార్టర్‌బ్యాక్‌కి కావలసింది మొదటి అయిదు యార్డులు. మిగతా ముప్ఫై అయిదు బ్యాండ్ మేళం కోసం. 2021లో ఏసీసీ అనే కాలేజీ లీగ్ ఫైనల్లో క్వార్టర్‌బ్యాక్ కెనీ పికెట్ స్లైడ్ చేయబోతున్నట్టు (పరుగు ఆపి నేల మీద జారబోతున్నట్టు) నటించి 58 యార్డుల టచ్‌డౌన్ కొట్టాక, నటించినా బంతి అక్కడే ఆగినట్టేనని రోజుల్లో చెప్పేశారు. అంటే మార్చాలనుకుంటే వీళ్లకి వారం చాలు!

మరి నీకేం అడ్డం?

అవును, నువ్వే. ఇంక మర్యాద నావల్ల కాదు. అదే కాగితం మీద కింద డిఫెన్స్ పట్టికలో ఆ ఎండ్ పేరు పక్కన 'సాక్ 1, నష్టం 8' అని ఘనంగా రాస్తావే, అప్పుడది సాక్ అని తెలుస్తుంది కదా! రెండంగుళాలు పైకి రాగానే అది పరుగు ఎలా అయింది? ఒక్క ఆటకి రెండు పేర్లు పెట్టి, మెప్పు అక్కడ, నింద ఇక్కడ. పిల్లల కష్టాన్ని పట్టపగలు దోచుకుంటూ దానికి గణాంకం అని పేరా? ఆస్టిన్‌లోనో కాలేజ్ స్టేషన్‌లోనో ఎమ్మెస్ చదువుతూ ఈ ఆట అంటించుకున్న మన పిల్లలు మొదట నేర్చుకునేది నిన్ను నమ్మకూడదనే. డిఫెన్స్ పట్టికలోంచి సాక్‌లు, పోయిన యార్డులు తీసుకో. యార్డులు క్వార్టర్‌బ్యాక్ నికర పరుగు యార్డులకి కలుపు, సాక్‌ల సంఖ్య క్యారీల్లోంచి తీసెయ్. 33కి 38 కలిపితే 71, 13లోంచి 5 తీస్తే 8. రెండో క్వార్టర్‌బ్యాక్ దిగి ఉంటే ఎవడి సాక్ ఎవడిదో ప్లే-బై-ప్లేలో వెతుక్కోవాలి. నీ పని మేం చేసిపెడుతున్నాం, తెలుసా?

నీలో బొత్తిగా మంచి లేదనను. ఎక్కువగా పరుగే ఆడే నేవీ కాలేజీ జట్టు దగ్గర నీ మాట చెల్లుతుంది. పాస్‌లే అరుదు కాబట్టి సాకూ అరుదు. 2019లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి మాల్కమ్ పెర్రీ తెచ్చిన 2,017 యార్డులు చదివితే నీ మీద కోపం కాస్త చల్లారుతుంది. 2006 రోజ్ బౌల్‌లో టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ పేరెదుట నువ్వు రాసిన '19 క్యారీలు, 200 యార్డులు' టెక్సస్‌లో ఇప్పటికీ ఫ్రేము కట్టుకునేవాళ్లున్నారు. నాలుగో డౌన్, అయిదు యార్డులు, 19 సెకన్లు మిగిలి ఉండగా కుడివైపు మూలకి పరుగు, 41–38. ఆ రాత్రి చక్కగానే రాశావు.

అందుకే అడుగుతున్నాను. మూడు గడులు వేసుకో: గీసి ఆడిన పరుగు, పాస్ కుదరక తీసిన పరుగు, సాక్. మూడోదాన్ని పాసింగ్ వాళ్లింటికి పంపించెయ్.

ఇట్లు,
మూడో డౌన్ దగ్గర సోఫా అంచుకి జరిగి కూర్చునే ప్రేక్షకులు

తా.క.: బంతి ఎవరి దగ్గర ఎంతసేపుందో లెక్కపెట్టే పక్కింటి 'టైమ్ ఆఫ్ పొజెషన్' గారికి విడిగా ఉత్తరం వస్తోంది. సిద్ధంగా ఉండమని చెప్పు.