చేతి గడియారానికి ఒక ‘అన్‌ప్రొడక్టివ్’ మనిషి విన్నపం

మహారాజశ్రీ చేతి గడియారం గారి దివ్యసముఖానికి,

ఊటీ లాడ్జి నుంచి తమరి ఎడమ మణికట్టు నమస్కరించి రాయునది. తమరు గోడ ప్లగ్గుకి వేలాడుతూ 41 శాతం క్షేమంగా ఉన్నారు. నేను మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాను.

ఈ ఉదయం సంగతి తమరు మర్చిపోలేరు, మెమరీ ఎక్కువ కదా. అయిదున్నరకి చేరింగ్ క్రాస్ దగ్గర పరుగు మొదలెట్టాం. మూడడుగుల అవతల ఏముందో కనపడని మంచు, పైన తుంపర. దొడ్డబెట్ట కూడలి దాకా ఎక్కుడే ఎక్కుడు. అక్కణ్నుంచి కోటగిరి రోడ్డు పట్టుకుని కొంత దూరం, మళ్లీ వచ్చిన దారినే వెనక్కి. మొత్తం 30 కిలోమీటర్లు. టీ కొట్టు ముందు ఆగి, కొంకర్లు పోయిన వేళ్లతో గ్లాసు పట్టుకుని, ఇక్కడి కరకర బిస్కెట్టు వర్కీ ముక్క అందులో ముంచబోతుంటే తమరు రెండుసార్లు గుర్రుమన్నారు. మెచ్చుకుంటున్నారేమో అనుకుని చూశాను. తెర మీద నా సాధనకి ఒకే ఒక్క మాట తీర్పు: అన్‌ప్రొడక్టివ్.

వర్కీ టీలో పడిపోయింది.

"ఎన్న సార్, వీట్ల ఏదావదు ప్రచ్చనయా?" అన్నాడు టీ కొట్టాయన. ఇంట్లో ఏదన్నా గొడవా అని. నా మొహం అలా ఉందన్నమాట. ఏమని చెప్పను? ఇంట్లో కాదయ్యా, చేతిలో.

ఇక్కడికొచ్చి 18 రోజులైంది. పోయిన వారం 121 కిలోమీటర్లు, ఈ వారం 128. ఏడాదిగా దాచుకున్న సెలవులన్నీ పోశాను. "పెళ్లయిన కొత్తలో ఊటీ అంటే సెలవు దొరకదన్నావు" అని మా ఆవిడ ఒకే ఒక్క వాక్యం అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఖరీదు తమరికి తెలీదు, తమరు బ్రహ్మచారులు. ఇంత చేసి వస్తే తమరిచ్చిన బిరుదు ఇది. రోడ్డు మీద మన భీమవరం వాళ్ల ఇన్నోవా ఆపి "అన్నా, ఎవరన్నా తరుముతున్నారా, ఎక్కుతావా?" అన్నారు చూడండి, వాళ్లు నయం. అడిగి ఊరుకున్నారు, రేటింగ్ ఇవ్వలేదు.

తమరి లెక్క నాకు తెలుసు. గుండె ఎంత కొట్టుకుంటోంది, కాళ్లు ఎంత వేగంగా పోతున్నాయి, రెండూ పక్కపక్కన పెట్టి వీవో2 మ్యాక్స్ అని, ఒళ్లు ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే ఒక అంకె తీస్తారు. హైదరాబాద్‌లో కిలోమీటరు అయిదున్నర నిమిషాల్లో హాయిగా పోయేవాణ్ని. ఇక్కడ అదే గుండె వేగానికి ఆరు నిమిషాల పాతిక సెకన్లు. కాబట్టి వీడు పాడైపోయాడు. అంతేనా?

అయ్యా, ఇది 2,240 మీటర్ల ఎత్తు. ఇక్కడ గాలి ఒత్తిడి సముద్ర మట్టం మీదకంటే దాదాపు పావు వంతు తక్కువ. మొదటి రోజుల్లో రక్తంలో నీటి పాలు తగ్గుతుంది, గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, రాత్రి నాలుగుసార్లు లేవాలి. ఈలోగా మూత్రపిండాలు కబురు పెడతాయి, ఎముకల మజ్జ కొత్త ఎర్ర రక్తకణాలు తయారు చేయడం మొదలెడుతుంది. దానికి మూడు నాలుగు వారాలు కావాలి. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు అక్కరకొస్తాయని ఆ కణాల కోసమే వచ్చాను. (తిరుపతి వాణ్ని, నాకు కొండలు కొత్త కాదు. కానీ మన తిరుమల వెయ్యి మీటర్లు కూడా లేదు, ఈ పనికి చాలదు.)

1968 ఒలింపిక్స్ జరిగిన మెక్సికో నగరం ఎత్తెంతో తెలుసా? అదీ 2,240 మీటర్లే. 10,000 మీటర్ల ప్రపంచ రికార్డు చేతిలో ఉన్న రాన్ క్లార్క్ అక్కడ ఆరో స్థానంలో వచ్చి గీత దాటాక కూలబడ్డాడు, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. గెలిచిన కెన్యా నఫ్తాలీ టెముకే 29 నిమిషాల 27 సెకన్లు పట్టింది. క్లార్క్ రికార్డు 27 నిమిషాల 39. ఆ రోజు తమరు అక్కడ ఉండుంటే ఇద్దరి చేతికీ ఇదే మాట కట్టేవారు. లలితా బబర్ ఇదే ఊటీ గాలి పీల్చి 2016 రియోలో స్టీపుల్‌చేజ్ (అడ్డంకులూ నీటి గుంటా దూకే పరుగు) ఫైనల్లో పరుగెత్తింది. 1984లో పి.టి.ఉష తర్వాత ట్రాక్ మీద వ్యక్తిగత పోటీలో ఒలింపిక్ ఫైనల్ చూసిన మొదటి భారతీయురాలు. న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే పెద్దమనిషి 800 మీటర్ల పీటర్ స్నెల్ చేత కూడా వారానికి వంద మైళ్లు పరుగెత్తించాడు, 1960లో రోమ్‌లో బంగారం పట్టించాడు. స్నెల్ చేతికి తమరుంటే మూడో రోజునే 72 గంటలు పడుకోమని చెప్పి ఇంటికి పంపేవారు.

ఇంకా బోలెడున్నాయి. హెయిర్‌పిన్ మలుపుల్లో నేను రోడ్డు మీద తిరిగితే తమరు లోయలోంచి అడ్డంగా గీత గీశారు, నా 400 మీటర్లు హాంఫట్. నీళ్లు తాగండి అని గంటగంటకీ గుర్తు చేస్తారు; ఈ జిల్లాలో ప్లాస్టిక్ సీసా అమ్మరు, వాటర్ ఏటీఎంలో నాణెం వేసి పట్టుకోవాలి, నిక్కరులో చిల్లరెక్కడిది? 30 కిలోమీటర్లు తిరిగొచ్చి గంట నడుం వాలిస్తే "కదలండి!" అట.

ఇక అడవిదున్న. కోటగిరి రోడ్డులో మంచులోంచి ముందు నాలుగు తెల్ల మేజోళ్లు కనపడ్డాయి. ఎవరో స్కూలు పిల్లలనుకున్నాను. పైన చూస్తే నల్లటి కొండ, ముక్కుల్లోంచి ఆవిరి. పది అడుగులు. అది నన్ను చూస్తోంది, నేను దాన్ని చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నాను. అలా ఇరవై రెండు నిమిషాలు. నిలబడ్డవాడి గుండె 158 కొట్టుకుంటే, దాన్నేం చేశావు నువ్వు? శ్రమ ఎక్కువ, వేగం సున్నా అని నా ఖాతాలోనే రాశావు!

అవును, నువ్వే. ఇక తమరూ లేదు గిమరూ లేదు. నలభై వేలు పోసి కొన్నాను నిన్ను. నిద్రపోతే మార్కులు, లేస్తే మార్కులు. ఊపిరాడక చస్తుంటే నీకు ఊపిరి సంగతే తెలీదు. ఎత్తు కొలిచే యంత్రం నీ పొట్టలోనే ఉంది కదరా! 2,240 అని పైన నువ్వే చూపించి, కింద నువ్వే ఈ మాట అంటావా?

మధ్యాహ్నం ఆ కోపంలోనే నాన్నకి ఫోన్ చేశాను. నాన్నంటే ఎవరనుకున్నావు, నీకంటే ముందు పాతికేళ్లు నన్ను ఇదే మాట తెలుగులో అన్న మనిషి. "పనికిమాలిన తిరుగుడు." తిరుపతి ఆర్టీసీ డిపోలో గుమాస్తా. ఏ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంత డీజిలు తాగింది, ఆ కేఎంపీఎల్ లెక్కలతోనే రిటైరయ్యాడు. నీకు తోడు దొరికాడనే అనుకున్నాను.

అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు:

"ఘాటు రోడ్డు మీద తిరిగినావా, కిందనా?"

"ఘాటే నాన్నా. మొత్తం ఘాటే."

"మరి ఘాటు బండికీ కింద బండికీ ఒకే కేఎంపీఎల్ ఎట్లా అడుగుతాడ్రా వాడు? మా డిపోలో అట్ల రాసుంటే డ్రైవర్లు గేటు కాడ కూర్చోనుంటారు. ఎవురు రా ఆ లెక్క రాసింది?"

నువ్వేనని చెప్పాను.

"దాన్ని కట్టిపెట్టి నాకు చెప్పు, నేను రాస్తా." కాగితాల చప్పుడు వినపడింది. పాత డైరీలో నాకొక పేజీ తీశాడు. రెండు గళ్లు గీశాడట: ఘాటు, కింద. ఈ వేళ్టి 30 ఘాటు గడిలో వేశాడు. మా స్నేహితుల్లో ఇంకెవరన్నా తిరుగుతున్నారా, వాళ్లవీ చెప్పమన్నాడు.

కాబట్టి రేపటి నుంచి నీ డ్యూటీ మారింది. 5 గంటలకి లేపు. 16 కిలోమీటర్లు, ఫెర్న్‌హిల్ వైపు. అంకె చూపించు, అభిప్రాయం వద్దు. అంకె నాన్నకి కావాలి.

ఇట్లు,
ఘాటు సర్వీసు

తా.క.: ఇప్పుడు 58 శాతం అయ్యావు. రాత్రి చలికి బ్యాటరీ పడిపోతుందేమోనని నిన్ను నా మంకీ క్యాప్‌లో చుట్టి పెడుతున్నాను. దీన్ని ప్రేమ కింద జమ కట్టుకోకు.