నీడ ముందే పోయింది

మే 9న మిట్టమధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన పైపు నీడ పైపు కిందే దాక్కుంటుంది. కర్కట, మకర రేఖల మధ్య ఉన్న ఊళ్లకే, ఏడాదికి రెండేసి సార్లు దక్కే వేడుక ఇది. ఢిల్లీవాళ్లు ఎంత పెట్టి పుట్టినా వాళ్లకి ఈ ముచ్చట లేదు.

దీన్ని పిల్లాపెద్దలందరికీ చూపిస్తానని ఒక సైన్సు మాస్టారు మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదికి వచ్చారు. ముహూర్తం 12:12. నిటారుగా నిలబడేది ఏదైనా తెచ్చుకోమన్నారు. పౌడర్ డబ్బా, అగ్గిపెట్టె, క్రికెట్ వికెట్టు, ఇలా ఎవరికి దొరికింది వాళ్లు తెచ్చారు. ఒక బామ్మగారు మాత్రం, నీడ లేనివి దయ్యాలేనని మనవణ్ణి ఎండలోకి రానివ్వలేదు. మూడో అంతస్తు పిన్నిగారు స్టీలు గ్లాసు తెచ్చి, గాలికి పడిపోకుండా బోర్లించారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

11:55కి మాస్టారు భూమి అక్షం 23.5 డిగ్రీల వంపు గురించి చెబుతుండగా పిన్నిగారు కేకేశారు.

"నాది పోయిందండోయ్!"

అందరూ మూగారు. నిజమే, గ్లాసు పక్కన పిసరంత నీడ లేదు.

"బోర్లించిన గ్లాసు పైన సన్నం, కింద వెడల్పు కదమ్మా! ఎండ కాస్త ఏటవాలుగా పడ్డా నీడ అంచు దాటి రాదు. అది లెక్కలోకి రాదు!" అని మాస్టారు మొత్తుకున్నారు.

వినేదెవరు? కింద టైల్స్ కాలుతున్నాయి. మెట్ల మీంచి పప్పుచారు వాసన వస్తోంది. దాని ఆకర్షణ ముందు సూర్యుడి ఆకర్షణ ఏపాటిది? గ్లాసుతో తలా ఒక సెల్ఫీ దిగి, జనం భోజనాలకి దిగిపోయారు.

12:12కి పైన మిగిలింది మాస్టారు, ఆయన పైపు ముక్క, అసోసియేషన్ ప్రెసిడెంటుగారు, ఫొటోలు తీయడానికి నేను. పైపు నీడ చక్కగా మాయమైంది.

"నాది పోలేదేంటండీ? కాళ్ల చుట్టూ గుండ్రంగా ఉంది!" అన్నారు ప్రెసిడెంటుగారు.

మాస్టారు ఆయన పొట్ట వైపు చూశారు. మర్యాదస్తుడు.

"భుజాలదండీ" అన్నారు.

కిందికి దిగుతుంటే పిన్నిగారు మజ్జిగ ఇచ్చారు.

"ఆగస్టు 3న మళ్లీ ఉందటగా మాస్టారూ! మీరు బాధపడుతున్నారు, ఈసారి గ్లాసు తేనులెండి. చెంబు తెస్తాను."

మాస్టారు ఒకసారి ప్రెసిడెంటుగారి వైపు చూసి, మజ్జిగ గడగడా తాగేశారు.