రేవు ఒక్కటే చాలదు

2021 ఏప్రిల్‌లో కొవిడ్ రెండో విడత విరుచుకుపడినప్పుడు, ఆక్సిజన్‌తో పాటు దాన్ని మోసుకెళ్లే ట్యాంకర్లకూ దేశంలో కరవొచ్చింది. ప్రాణవాయువు విశాఖ ఉక్కు కర్మాగారంలో ఉంది, రోగులు మహారాష్ట్రలో ఉన్నారు. ముంబయి సమీపంలోని కలంబోలి నుంచి ఏడు ఖాళీ ట్యాంకర్లను రైలెక్కించి ఇక్కడికి తెచ్చి, నింపి, నాగ్‌పుర్, నాశిక్‌లకు చేర్చారు. దారిలోని వంతెనల కింద, విద్యుత్తు తీగల కింద ఇరుక్కోకుండా సాగిపోగల ఎత్తున్న ట్యాంకర్ ఏదో కొలిచి చూసుకున్నాకే అది సాధ్యమైంది. సరకును ఒకచోటు నుంచి మరోచోటుకు సకాలంలో, చెడకుండా, భరించగల ఖర్చుతో చేర్చే ఈ పనినే లాజిస్టిక్స్ అంటున్నాం. ముడిసరకు కొనుగోలు, ఉత్పత్తి ప్రణాళిక, గిరాకీ అంచనా, అమ్మిన సరకు తిరిగి రావడం, చెల్లింపులు అన్నీ కలిసిన సరఫరా గొలుసులో అదొక భాగం మాత్రమే.

గొలుసంతటినీ కలిపి చూసే ఈ ఆలోచన విశాఖకు కొత్తేమీ కాదు. 1933లో మొదలైన ఈ రేవుకు ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని తెచ్చి జపాన్‌కు పంపేందుకు 1960లలో తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వేశారు. గని, రైలు, రేవు, కొనుగోలుదారు నలుగురినీ ఒకే లెక్కలో చూసిన ప్రణాళిక అది. కంటైనర్ సరకు విషయంలో అంతటి ముందుచూపు ఇంకా కుదరలేదన్నది మా అభిప్రాయం.

రొయ్యలనే తీసుకోండి. చెరువులో పట్టిన సరకును వెంటనే మంచులో పెట్టి ప్రాసెసింగ్ ప్లాంటుకు చేర్చాలి. అక్కడ గడ్డకట్టించాక మైనస్ 18 డిగ్రీల చలి కొనుగోలుదారు గిడ్డంగి దాకా సడలకూడదు. యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష, కస్టమ్స్ పత్రాలు, ఖాళీ కంటైనర్, ఓడ బయలుదేరే వేళ ఒకదానికొకటి సరిపోవాలి. విదేశీ కొనుగోలుదారు అభ్యంతరం చెబితే ఆ పెట్టెలోని సరకు ఏ చెరువుదో చూపగలగాలి. అంటే సరకు ముందుకు కదిలినంత కచ్చితంగా సమాచారం వెనక్కి నడవాలి. రేవులో ఓడలు ఆగే బెర్తులు ఎన్ని పెంచినా ఈ లోటు తీరదు.

దేశంలో లాజిస్టిక్స్ వ్యయం జీడీపీలో 13-14 శాతమని ఏళ్లతరబడి చెప్పుకొన్నాం. 2025లో కేంద్రం విడుదల చేసిన అధ్యయనం దాన్ని దాదాపు 8 శాతంగా తేల్చింది. సంతోషమే, కానీ ఈ సగటు అనకాపల్లి బెల్లం వ్యాపారికి తన ఖర్చెంతో చెప్పదు. లారీ కిరాయి ఒక్కటే ఆయన లెక్కలోకి వస్తుంది. గిడ్డంగిలో నిలిచిపోయిన సరకుపై వడ్డీ, తడిసి పాడైన సరకు నష్టం, గడువు దాటాక కట్టే డెమరేజ్ అందులోకి రావు. నిల్వలు తగ్గించుకోవడమే తెలివి అనే పాఠాన్నీ యథాతథంగా నమ్మనక్కర్లేదు. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో దాడులకు జడిసి ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చినప్పుడు, కాస్త నిల్వ ఉన్నవారే ఊపిరి తీసుకోగలిగారు.

2022 జాతీయ లాజిస్టిక్స్ విధానం వివిధ శాఖల సమాచారాన్ని ఒకచోట చేర్చే వేదికను తెచ్చింది. దాని ఫలం చిన్న ఎగుమతిదారు ఫోన్‌కు, గేటు బయట నిరీక్షించే లారీ డ్రైవరుకు చేరాలి. డ్రైవరుకు లోపలికి వెళ్లే వేళ ముందే తెలియాలి, అంతవరకు లారీ నిలుపుకోవడానికీ తాను నడుం వాల్చడానికీ చోటుండాలి. రేవు, కస్టమ్స్, రైల్వే, జిల్లా యంత్రాంగం కలిసి కూర్చుని ముందుగా తేల్చాల్సింది ఇదే.